కొంగలు వాలే చోటు

మృగశిర కార్తె, రెండో పాదం

పొద్దున వల లాగుతుంటే తాడు తెగింది. తిమ్మప్ప వెల్లకిలా పడి, లేచి, పంచె దులుపుకొని, "ఎవురూ సూల్యా కదా?" అన్నాడు.

"పైన కన్ను సూసింటాది మామా, రాసుకోనుంటారు," అంది నాగరత్న.

నవ్వుకుంటూనే తాడు ముడివేశాం. నిజంగానే కన్ను వచ్చే వేళయింది.

కన్ను అంటే అవతలివాళ్ళ ఉపగ్రహం. రోజుకు రెండుసార్లు మా నెత్తిమీదుగా పోతుంది. అది వచ్చేలోగా వరిమళ్ళమీద, గోంగూరమీద, వంగతోటమీద మన్నురంగు వలలు పరిచి తీరాలి. పైనుంచి మా ఊరు కూడా పీఠభూమిలోని తక్కిన ఊళ్ళలాగే ఎండిపోయి కనబడాలి. పచ్చగా కనబడితే నీళ్ళున్నాయని తెలుస్తుంది. నీళ్ళున్నాయంటే కింద నిల్వ ఉందని తెలుస్తుంది.

నిల్వను మాలో ఎవరూ చూడలేదు. యుద్ధంలో అన్నీ అయిపోయాక చివరగా బయటికి తీయడానికి సర్కారు కొన్ని యంత్రాలను అక్కడక్కడా భూమిలో దాచుకుంది. అలాంటి చోటు ఒకటి మా కాళ్ళకింద ఉంది. ఆ యంత్రాలను చల్లబరిచిన నీళ్ళు పొగలు కక్కుతూ తూములోంచి బయటపడతాయి. దేశమంతా ట్యాంకర్ల దగ్గర వరసల్లో నిలబడి కొట్టుకుంటుంటే మేము వేడినీళ్ళు పోసుకుని, వరి పండించుకుని తింటున్నాం. అందుకు మేమిచ్చేది ఈ వలల చాకిరీ. ఊరికి పేరు లేదు. ఊరు వదిలి పోయే వీలూ లేదు. జనం తగ్గితే పైనుంచి తెలిసిపోతుందని కింది అధికారులు పంపుహౌసు మైకులో చెబుతారు.

యుద్ధానికి ముందు నేను విశ్వవిద్యాలయంలో ఉపగ్రహ చిత్రాలు చదవడం నేర్పేదాన్ని. ఇప్పుడు ఈ ఊళ్ళో, ఆకాశంలోంచి ఏది ఎలా కనబడుతుందో చూసి వలలు సర్దించడం నా ఉద్యోగం. నా తమ్ముడు కేశవ కింద పంపు మెకానిక్కు. వంతుమీద దిగినవాడు వంతు అయ్యేదాకా పైకి రాడు. నాగరత్న వాడి భార్య. ఐదో నెల. పుబ్బ కార్తెకు వాడు పైకి వస్తాడు.

వల పని అయ్యాక ఆమె రోజూ తూము దగ్గరికి పోయి ఇనప గొట్టంమీద గరిటెతో కొడుతుంది. కాసేపటికి కిందినుంచి రెంచీతో కొట్టిన చప్పుడు వస్తుంది. అది వాడేనని ఆమె నమ్మకం. కింద ఎంతమంది మెకానిక్కులున్నారో నాకు తెలియదు. ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు.

ఇవాళ ఆ గొట్టంమీద రెండు తెల్ల కొంగలు వాలి ఉన్నాయి. ఇలాంటివి చూసి ఎన్నేళ్ళయిందో. నాగరత్న గరిటె పట్టుకుని కొట్టకుండా అలాగే నిలబడిపోయింది.

"కొడితే ఎగిరిపోతాయేమో వదినా. ఈ పూటకు ఆయప్పను కాచుకోనీలే."


ఆరుద్ర, మొదటి పాదం

వాన లేదు. కొంగలు ఉన్నాయి. గుంపులు గుంపులుగా తూర్పునుంచి వచ్చి చెరువుగట్టు తుమ్మచెట్లమీద దిగాయి. చెట్లు పూత పూసినట్టు తెల్లబడ్డాయి. కప్పలకోసం మళ్ళలో మా కాళ్ళమధ్యే తిరుగుతున్నాయి. నాటు వేసే ఆడవాళ్ళు వాటికి పేర్లు పెట్టేశారు. మెడ వంకరగా పెట్టుకుని అందరినీ చూసేదానికి పేరు మేడమ్మ. అది నేనేనట.

నాకూ సంతోషంగానే ఉండింది, ఒక పూట.

మధ్యాహ్నం గట్టుమీద కూర్చుని, కన్ను చోట నన్ను పెట్టుకుని చూశాను. గోధుమరంగు నేల. దానిమీద గోధుమరంగు వల. దానిమీద కదిలే తెల్లచుక్కలు. వల మడిని దాస్తుంది. మడికోసం వచ్చిన పక్షిని ఎలా దాస్తుంది? ఎండిపోయిన నేలలో కొంగలు ఎందుకు దిగుతాయని నా దగ్గర చదివిన మొదటి ఏడాది పిల్లలైనా అడుగుతారు.

ఇదంతా నా భయమేమో. ఎన్నో చిత్రాలు చూసి చూసి ప్రతి చుక్కకూ అర్థం వెతకడం జబ్బుగా మారి ఉంటుంది. అవతల కూర్చున్నవాడికి కొంగలు పట్టవేమో.

కూరగాయలు తీసుకుపోవడానికి లారీ వచ్చింది. డ్రైవరు ఖాదర్‌వలీ టీ తాగుతూ చెప్పాడు. "తూర్పున ఒక ఊరు లేకుండా పోయిందంట అక్కా. గుంత మిగిలిందంట, అంతే. ఆ ఊరికి కూడా పేరు లేదంట."

"ఎప్పుడు?"

"పోయిన వారమంట. పచ్చగా ఉండెనంట. కొంగలు కూడా ఉండెనంట."

గట్టువైపు చూశాను. ఇవి ఎక్కడినుంచి వచ్చాయో అప్పుడు అర్థమైంది.


ఆరుద్ర, మూడో పాదం

తిమ్మప్ప వలల పెద్ద. ఊరి పెద్ద కూడా. అతనికి చెప్పాను. నమ్మడానికి అతనికి ఎక్కువసేపు పట్టలేదు.

"అయితే తరిమేద్దాం. కొంగలేగదా."

పళ్ళేలు, డబ్బాలు కొట్టుకుంటూ అందరం గట్టుకు పోయాం. ఒక్కసారిగా లేచాయి. తెల్ల దుప్పటి దులిపినట్టు ఊరిమీద పరుచుకుని, గుండ్రంగా తిరిగి, తిరిగి, మళ్ళీ అవే చెట్లమీద వాలాయి. తరమడం మొదలుపెట్టిన ఉత్సాహంలో వేళ ఎవరమూ చూసుకోలేదు. కన్ను సరిగ్గా అప్పుడే పోయింది.

"నువ్వన్నా చెప్పద్దా కుముదమ్మా?" అన్నాడు తిమ్మప్ప. పళ్ళెం ఇంకా చేతిలోనే ఉంది.

చెప్పాలి. అది నా ఉద్యోగం. నేనూ డబ్బా కొడుతూ ఉన్నాను.

పంపుహౌసు మైకు దగ్గరికి పోయి కింది అధికారికి అంతా చెప్పాను. కొంగల సంగతి, తూర్పు ఊరి సంగతి, ఇవాళ్టి మా తెలివితక్కువతనం. "నమోదు చేసుకున్నాం," అంది ఆ గొంతు. చెట్లు కొట్టేయమంటారో, విషం పెట్టమంటారో. నాగరత్నకు ఏమని చెప్పుకోవాలో ఆలోచించుకుంటూ ఇంటికి వచ్చాను.


పునర్వసు, రెండో పాదం

జవాబు వచ్చింది. ఊరందరినీ పిలిచి మైకులో వినిపించారు. పక్షులను తరమకూడదు, చంపకూడదు. వాటికి మేత తగ్గకుండా లారీలో చేపపిల్లల డబ్బాలు వస్తాయి, కాలువల్లో, మళ్ళలో వదలాలి. చెరువుగట్టువైపు వలలు చిరిగితే మార్చనవసరం లేదు. అలాగే వదిలేయవచ్చు.

ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. విషం పెట్టమంటారని అందరం భయపడ్డాం మరి.

"సర్కారుకు గూడా మనసుండాది వదినా," అంది నాగరత్న.

"చేపలు కొంగలకేనా, మనకేమన్నా మిగులుతాయా?" అని తిమ్మప్ప మైకును అడిగాడు. మైకు జవాబు చెప్పలేదు. జనం నవ్వారు.

నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి అన్నం కలుపుకుంటుంటే తోచింది. దయతలచిన మనిషి ఎవరైనా పక్షులకు నూకలు పంపుతాడు. గింజలు పంపుతాడు. కొంగ గింజలు తినదు. చేపపిల్లలు పంపమన్నవాళ్ళు కొంగ ఏం తింటుందో కనుక్కున్నారు. కూర్చుని, ఆలోచించి, కనుక్కున్నారు. అవి మా ఊళ్ళోనే ఉండాలని ఎవరో గట్టిగా అనుకుంటున్నారు.

లేదు, బతికున్నవాటిని బతకనీయమన్నారు, అంతే. ఒక మంచి మాట వస్తే దాన్ని గిల్లి చూడకుండా ఉండలేనా?


పుష్యమి, మొదటి పాదం

పొలాలకు మందు కొడతారు, ఇళ్ళలోంచి బయటికి రావద్దన్నారు. తలుపులు వేసుకుని కూర్చున్నాం. మందు వాసన రాలేదు. కింద మాత్రం నేల గొణుగుతున్నట్టు ఉంది. గూట్లో గిన్నెలు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగుతున్నాయి. వరసగా మూడు రోజులు అలాగే.

నాగరత్న కడుపుమీద చెయ్యి పెట్టుకుని, "దీనికి అదురు తెలుస్తాండాది, తంతాండాది," అంది.

"ఏం చేస్తున్నారో కింద."

"రిపేరేమో. ఈయన చెయ్యి పడకపోతే ఆడ ఒక్క పంపూ తిరగదు," అంది గొప్పగా.


పుష్యమి, నాలుగో పాదం

తూము నీళ్ళు గోరువెచ్చగా వస్తున్నాయి. స్నానానికి కాచుకోవాల్సి వస్తోందని ఆడవాళ్ళు విసుక్కుంటున్నారు. ఇన్నేళ్ళూ ఒళ్ళు కాలుతోందని తిట్టింది కూడా వీళ్ళే.

నాగరత్న గరిటెతో కొట్టింది. జవాబు రాలేదు. మర్నాడు కొట్టింది. ఆ మర్నాడు నన్ను పిలుచుకుపోయి, "నువ్వు చెవి పెట్టి విను వదినా, నాకు ఈ మధ్య చెవులు దిబ్బళ్ళేసుకున్నాయి," అంది. చెవి పెట్టి విన్నాను. నీళ్ళు పారే చప్పుడు. అంతే.

"పని ఎక్కువై ఉంటుంది," అన్నాను.


ఆశ్లేష, రెండో పాదం

నీళ్ళు చల్లబడ్డాయి. బావినీళ్ళలా ఉన్నాయి.

చల్లబరచడానికి కింద ఏమీ లేదు కాబట్టి చల్లబడ్డాయి. ఇలా ఒక్క వాక్యంలో రాస్తే ఎంత తేలిగ్గా ఉంది. కొత్త పంపు పెట్టారేమో, యంత్రాలు ఆపి ఉంచారేమో అని నాలుగు రోజులుగా నాకు నేనే దారులు వెతికిపెడుతున్నాను. ఏ దారిన పోయినా చేపపిల్లల డబ్బాలే అడ్డం వస్తున్నాయి.

మైకులో అడిగాను. నా తమ్ముడితో ఒక్క మాట మాట్లాడించమని. సిబ్బంది వివరాలు చెప్పరాదు అన్నారు. గొంతు మారింది. కొత్త మనిషి.

తిమ్మప్ప ఇంటి అరుగుమీద వల కుడుతున్నాడు. పక్కన కూర్చున్నాను.

"మామా, నిల్వను తీసుకుపోయారు."

సూది ఆగలేదు.

"మనల్ని మాత్రం ఇట్లాగే ఉంచారు. పచ్చగా, కొంగలతో. ఇక్కడే ఉందని అవతలివాళ్ళు అనుకోవాలని. వాళ్ళు వేసేది ఇక్కడ వేసేసి పోవాలని."

"తెలుసు."

అతనివైపు తిరిగి కూర్చున్నాను.

"మందు కొడతామన్న పొద్దే నన్ను పంపుహౌసుకు పిల్చినారు," అన్నాడు, దారం పళ్ళతో కొరుకుతూ. "సామాను మారుస్తాండాం, మీరు ఉండేదైతే నీళ్ళు ఆపం, పోయేదైతే ట్యాంకరు వరస రాయించుకోండి అన్న్యారు. ఏం చెప్పమంటావు? నేను వరసలో నిలబడి వచ్చినోణ్ణి కుముదమ్మా. నా పెండ్లాం ఆ వరసలోనే పడిపోయింది. బిందె నా చేతికిచ్చి పడింది, స్థలం పోతాదని. నేను బిందె పట్టుకోని నిలబడే ఉన్న్యా. నీళ్ళు పట్టుకోనే వచ్చినా ఆమె దగ్గరికి."

"అందరికీ చెప్పాలి కదా మామా."

"చెప్పు. నేను అడ్డం రాను. చెప్పినాక వాళ్ళను యాడికి తీస్కపోతావో అది గూడా చెప్పు."

అతనితో పోట్లాడాలని వెళ్ళాను. పోట్లాడటానికి నా దగ్గర ఒక్క ఊరి పేరైనా ఉంటే బాగుండేది.


మఖ, మొదటి పాదం

చెప్పాను. తూము దగ్గర, బిందెలు పట్టుకుని ఉన్నప్పుడే. ఒకామె ఏడ్చింది. ఇంకొకామె ఆమె బిందె కూడా నింపిపెట్టింది. తరువాత ఎవరో అడిగారు: "రేపు తూర్పు వల వంతు ఎవురిది?"

నాగరత్న ఒక్కతే నా వెంట ఇంటిదాకా వచ్చింది. మొహం వెలిగిపోతోంది. నాకు భయం వేసింది.

"అంటే ఆయన కింద లేడు!"

"లేడు."

"అందుకే కొట్టల్యా. నేనేమో... ఎన్ని అనుకున్నానో వదినా, నీకు చెప్పల్యా. వేరే చోట ఉండాడు. యాడుండాడు?"

అదే ఎవరికీ తెలియదు. సర్కారు నిల్వలు ఎక్కడున్నాయో సర్కారుకు తప్ప ఎవరికీ తెలియకూడదని కదా మేమంతా ఇన్నేళ్ళు తాళ్ళు లాగింది.

"నాకు తెలియదు," అన్నాను. అబద్ధం.

కొన్ని కొంగలు ఈ మధ్య పొద్దున్నే ఒకే వైపు పోతున్నాయి. ఒకటి రెండు రోజులకు తిరిగి వస్తున్నాయి. మాది నల్లరేగడి. వచ్చినవాటి కాళ్ళకు ఎర్రమట్టి ఉంటోంది, తడి ఆరని ఎర్రమట్టి. ఈ దేశంలో ఇప్పుడు తడిమట్టి ఎక్కడ ఉంటుందో, ఎందుకు ఉంటుందో మాకు తెలిసినంత ఎవరికి తెలుస్తుంది? పాత చిత్రాలు నాకింకా గుర్తున్నాయి. ఆ దిక్కున, ఒక పక్షి పోయి రాగలిగిన దూరంలో ఎర్రనేల ఒక్కచోటే ఉంది.

చెబితే ఆమె పోతుంది. ఏడో నెల కడుపుతో, నీళ్ళు లేని దారిలో. నేను తప్పు అయితే, అంటే నిల్వ ఇక్కడే ఉండి, నీళ్ళు చల్లబడటానికి కారణం ఇంకేదో అయితే, మంచి నీడన కూర్చున్న మనిషిని ఎండలోకి తోసి చంపినదాన్నవుతాను. చెప్పకపోతే, నేను అనుకున్నదే నిజమైతే, తూర్పు ఊరికి మిగిలిందే మాకూ మిగులుతుంది.


మఖ, మూడో పాదం

చెప్పేశాను. ఆలోచించి కాదు. నాగరత్న గొట్టం పక్కన కూర్చుని గరిటెను కొంగుతో తుడుస్తోంది. చూడలేక చెప్పాను.

వినగానే తిట్టింది. "ఇన్ని దినాలు తెలిసీ నాతో వలలు లాగిస్తివే! నీ చదువు కాలిపోనూ!"

"దారిలో నీళ్ళుండవే రత్నా."

"ఈడ ఉండాయి గదా, మోసుకపోతా."

"నేను చూసింది తప్పేమో."

"నువ్వు ఎప్పుడూ ఇంతే వదినా. కూరలో ఉప్పు వేసినాక గూడా వేసినానో లేదో అంటావు. ఒక్కమాటు గట్టిగా చెప్పు. ఉండాడా, లేడా?"

"ఉన్నాడు," అన్నాను.


పుబ్బ, మొదటి పాదం

ఇవాళ లారీ వచ్చింది. ఖాదర్‌వలీని ముందే అడిగి ఉంచాను. వంకాయ బస్తాల మధ్య ఆమెకు చోటు చేశాడు.

"చెక్‌పోస్టు అవతల దింపుతా అక్కా. ఆపైన నాకు పర్మిట్ లేదు. ఆ దారి నేను ఎరగను."

"చాలు నాయనా."

"పట్టుబడితే?"

"కాన్పుకు పోతున్నానని చెప్తా," అంది నాగరత్న బస్తాల వెనకనుంచి. "అబద్ధం ఏముండాది అందులో?"

నీళ్ళ క్యాన్లు రెండు ఆమె ఒడి పక్కన పెట్టాను. నడవాల్సిన దారి చేత్తో చూపించి, మళ్ళీ ఆమె చేత చూపించుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని కడుపుమీద పెట్టుకుంది. లోపల కదలిక ఏమీ తెలియలేదు. నిద్రపోతోందేమో.

"నువ్వు చెప్పింది తప్పయితే?" అని అప్పుడు అడిగింది.

"తప్పయితే తిరిగి రా."

"ఊరుంటే వస్తాలే."

లారీ పోయింది. ఆమె ఏ దిక్కుకు నడుస్తుందో ఇక్కడ రాయను. ఎర్రమట్టి సంగతి కూడా రాయకుండా ఉండాల్సింది.

ఆమె చీరలు రెండు తడిపి వాళ్ళ పెరట్లో ఆరేశాను. రేపు వాళ్ళ పొయ్యి కూడా నేనే వెలిగించాలి. పైనుంచి చూస్తే ఆమె ఇక్కడే ఉండాలి.


పుబ్బ, రెండో పాదం

కేశవ వంతు పూర్తయ్యే రోజు వచ్చి పోయింది. పైకి ఎవరూ రాలేదు. మైకు మాట్లాడలేదు.

నాకు మొదట్లోనే తోచాల్సిన మాట ఒకటి ఇవాళ తోచింది. తడిమట్టి ఉన్న చోటికి కొంగలు పోతాయి. ఇప్పుడు కొన్నే పోతున్నాయి. మళ్ళలో కప్పలు తగ్గుతున్నాయి, రేపో మాపో అన్నీ పోతాయి. వాటి వెనక కన్ను పోతుంది. నేను చూడగలిగింది అవతల కూర్చున్నవాడు చూడలేడా? వాడూ ఎక్కడో ఇదే చదువు చదివి ఉంటాడు. అంటే నేను రత్నను పంపింది తరువాతి గుంతకు.

పిలవడానికి లేదు. వెనక్కి తేవడానికి లేదు. ఆమె నడుస్తూ ఉంటుంది. మధ్యాహ్నం ఎక్కడైనా ఆగి ఉంటుంది. ఆగిందో లేదో.

చేపపిల్లల డబ్బాలు పంపుహౌసు పక్కన పేరుకుపోయి ఉన్నాయి. నేను నిల్వ సంగతి చెప్పినప్పటినుంచి వాటిని ఎవరూ ముట్టుకోలేదు. మొన్నటి లారీలో దిగిన డబ్బా ఒకటి ఎత్తుకుని కాలువ దగ్గరికి పోయాను. మూత తీసి వంచాను. వేలి గోరంత చేపలు, మెరుస్తూ జారిపోయాయి. గట్టుమీదినుంచి కొంగలు తలలు తిప్పి చూశాయి. ఒకటి దిగింది. తరువాత పది దిగాయి.

తిమ్మప్ప వచ్చి నిలబడ్డాడు.

"ఏం కుముదమ్మా? సర్కారు మాట వినేదొద్దని నువ్వే గదా చెప్పింది అందరికీ?"

"రత్న ఇంకా చేరి ఉండదు మామా. ఇవి ఆమె పోయే చోటికి పోకూడదు."

అతను గట్టువైపు చూశాడు, నావైపు చూశాడు. కొంగలు మా ఊళ్ళో ఉన్నంతకాలం ఇంకెక్కడా ఉండవని అతనికి విడమరిచి చెప్పనవసరం లేకపోయింది.

"ఊర్లో పసిపిల్లోళ్ళు ఉండారు," అన్నాడు.

"తెలుసు."

"తెలిసే చేస్తాండావు."

"తెలిసే చేస్తున్నాను. నువ్వు ఆపమంటే ఆపుతాను."

ఆపమంటాడని ఎదురుచూశాను. ఆపమనాలని కోరుకున్నానేమో కూడా. అతను పంపుహౌసువైపు నడిచి, వంగి, రెండో డబ్బా ఎత్తుకుని వచ్చాడు. దాని మూత బిగుసుకుపోయింది. ఇద్దరం చెరోవైపు పట్టుకుని తిప్పాం.

కన్ను వచ్చే వేళయింది. తాళ్ళ దగ్గర జనం చేరుతున్నారు. గట్టువైపు వల తీసే ఉంచమని చెప్పి రావాలి.